మూడు నెలలు ఫ్రీ ట్రైనింగ్, తర్వాత జాబ్ గ్యారంటీ అంటున్నారు, వెళ్లొచ్చా?

తమ్ముడు అడిగింది కాస్త కుదించి చెప్తా, మిగతావాళ్లకి అర్థం కావాలి కదా. సూర్యాపేట దగ్గర పల్లెటూరు, బీకాం కంప్యూటర్స్ అయ్యి రెండేళ్లయింది, గ్రూప్స్ నోటిఫికేషన్ కోసం చూస్తూ ఇంట్లోనే ఉన్నాడు. ఈ మధ్య ఊళ్లోకి ఎవరో వచ్చి గవర్నమెంట్ స్కీమ్ అని, మూడు నెలలు ట్రైనింగ్, హాస్టల్, భోజనం అంతా ఫ్రీ అని, అయిపోగానే గ్యారంటీగా జాబ్ అని కాగితాలు పంచి పోయారట. అది నిజమేనా, వెళ్లాలా వద్దా, ఇంటర్ అయిన చెల్లిని కూడా పంపొచ్చా, ఇదీ ప్రశ్న.

సూటిగా చెప్పాలంటే: స్కీమ్ నిజమే, మోసం కాదు. కానీ నీకు, మీ చెల్లికి ఒకే సమాధానం కాదు. నువ్వు బీకాం కాబట్టి మూడు నెలల ట్రైనింగ్ కంటే ముందు అప్రెంటిస్‌షిప్ వైపు చూడు, అంటే కంపెనీలో స్టైపెండ్ తీసుకుంటూ పని నేర్చుకోవడం, ముఖ్యంగా నాట్స్ అని డిగ్రీ, డిప్లొమా వాళ్లకి ఉన్న కేంద్రం స్కీమ్. చెల్లికి మాత్రం ఆ మూడు నెలల ట్రైనింగ్ బాగా పనికొచ్చే అవకాశం ఉంది, సెంటర్ సరైనదైతే. ఇద్దరికీ వర్తించే మాట ఒకటుంది, కోర్సు పేరు చూసి చేరకండి, కోర్సు అయ్యాక ఏ ఊళ్లో, ఏ పనిలో, చేతికి ఎంత జీతంతో పెడతారో ముందే తెలుసుకుని ఆ ఉద్యోగం నచ్చితేనే చేరండి. ఎందుకంటే చాలామంది ట్రైనింగ్‌లో ఫెయిల్ అవ్వరు, ఉద్యోగంలో చేరిన మొదటి మూడు నెలల్లో వెనక్కి వచ్చేస్తారు. అక్కడే అంతా పోయేది.

నేను చాలా ఏళ్లు ఇలాంటి ట్రైనింగ్ సెంటర్లలోనే పనిచేశా, మొదట ఊళ్లు తిరిగి పిల్లల్ని చేర్పించే మొబిలైజర్‌గా, తర్వాత ప్లేస్‌మెంట్ చూసే పనిలో. అందుకే రెండు వైపులా ఏం జరుగుతుందో తెలుసు.

ముందు నీకు చెప్పింది ఏ స్కీమో తెలుసుకో. హాస్టల్‌తో, భోజనంతో, పల్లెటూరి పిల్లలకి అంటే దాదాపుగా అది డీడీయూ-జీకేవై, దీన్ దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన. 2014 సెప్టెంబర్‌లో మొదలైంది, కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖది. తెలంగాణలో ఈజీఎంఎం అనే ప్రభుత్వ సంస్థ చూసుకుంటుంది, ఏపీలో అయితే సీడాప్ అనే సంస్థ. ఈజీఎంఎం కొత్తదేమీ కాదు, ఉమ్మడి రాష్ట్రంలో 2005 నుంచే ఉంది. వయసు 15 నుంచి 35, ఆడవాళ్లకి, వికలాంగులకి 45 దాకా. గ్రామీణ పేద కుటుంబం అని చూపించాలి, దానికి రేషన్ కార్డో, ఉపాధి హామీలో పనిచేసిన లెక్కో, ఇంట్లో ఎవరైనా మహిళా సంఘంలో ఉండటమో ఏదో ఒకటి సరిపోతుంది. అమ్మ సంఘంలో ఉంటే ఆ దారి తేలిక.

అది కాకపోతే పీఎంకేవీవై, ప్రధాన మంత్రి కౌశల్ వికాస్ యోజన అయి ఉండొచ్చు, 2015 జులైలో మొదలైంది, ఇప్పుడు నాలుగో విడత. ఇది స్కిల్ డెవలప్‌మెంట్ శాఖది, పట్నం పల్లె తేడా లేదు. ఇక్కడ ఒక విషయం చాలామందికి తెలియదు, నాలుగో విడత నుంచి ప్లేస్‌మెంట్‌ని స్కీమ్‌లోంచి విడదీశారు. మొదటి మూడు విడతల్లో ఎంతమందికి ఉద్యోగం వచ్చిందో లెక్క చూసేవాళ్లు, ఇప్పుడు ట్రైనింగ్, సర్టిఫికెట్ వరకే. అందుకని ఎవరైనా పీఎంకేవీవై పేరు చెప్పి జాబ్ గ్యారంటీ అంటే ఆ గ్యారంటీ స్కీమ్‌ది కాదు, ఆ మనిషిది.

డీడీయూలో అలా కాదు, అక్కడ చేరినవాళ్లలో పెద్ద భాగానికి ఉద్యోగం చూపించాల్సిందే అన్న షరతు సెంటర్ మీద ఉంటుంది. సెంటర్‌కి వచ్చే డబ్బు కూడా విడతల వారీగా వస్తుంది, ప్లేస్‌మెంట్ చూపిస్తేనే ఆఖరి విడతలు. ఉద్యోగం చూపించడం అంటే ఆఫర్ లెటర్ ఇవ్వడం కాదు, మూడు నెలలు పని చేసినట్టు జీతం లెక్కలు పెట్టాలి. ఇది మనకి మంచిదే, కానీ దీనికి ఇంకో వైపు ఉంది. బ్యాచ్ అయిపోయే టైంకి ఎలాగైనా అందరినీ ఎక్కడో ఒకచోట చేర్పించాలన్న తొందర సెంటర్‌కి ఉంటుంది. ఒకే కంపెనీ వచ్చి ముప్పై మందిని తీసుకుంటానంటే, ఆ ముప్పై మందిలో అకౌంట్స్ నేర్చుకున్నవాడు, కంప్యూటర్ నేర్చుకున్నవాడు, సేల్స్ నేర్చుకున్నవాడు అందరూ ఒకే బస్సు ఎక్కుతారు. ట్యాలీ నేర్చుకుని ఫ్యాక్టరీలో ప్యాకింగ్ లైన్ దగ్గర నిలబడ్డవాళ్లని నేను చూశా. ఆ పని తక్కువదని అనట్లేదు, కానీ మూడు నెలలు ఒకటి నేర్పి ఇంకోదాంట్లో పెడితే ఆ పిల్లాడు ఆ పని ఎందుకు చేస్తాడు, పదో రోజుకి ఇంటికి వచ్చేస్తాడు.

అందుకే చేరే ముందు సెంటర్ గోడ మీద ఫోటోలు చూడకు, పోయిన బ్యాచ్ పిల్లలతో మాట్లాడు. సెంటర్ వాళ్లు ఇచ్చిన నెంబర్లకి ఫోన్ చేస్తే వాళ్లు మంచిగానే చెప్తారు, అవి ఏరి ఇచ్చిన నెంబర్లు. మీ మండలంలో మహిళా సంఘాల్ని చూసే ఐకేపీ ఆఫీసుకి వెళ్లి అక్కడి అధికారి ఏపీఎం గారిని అడుగు, లేదా మీ ఊళ్లో సంఘాల పని చూసే వీఓఏని అడుగు, పక్క ఊళ్లలోంచి ఎవరెవరు ఆ సెంటర్‌కి వెళ్లారో వాళ్లకి తెలుస్తుంది. ముగ్గురు నలుగురితో మాట్లాడితే చాలు. ఇప్పుడు ఎక్కడున్నావ్, ఎంత వస్తుంది, నేర్చుకున్న పనే చేస్తున్నావా, నీతో చేరినవాళ్లలో ఇంకా ఎంతమంది అక్కడే ఉన్నారు, ఈ నాలుగు అడుగు. నాలుగో ప్రశ్నే అన్నిటికంటే ముఖ్యం. ఎనభై శాతం ప్లేస్‌మెంట్ అని సెంటర్ చెప్పొచ్చు, అది చేరిన రోజు లెక్క. ఆర్నెల్ల తర్వాత ఎంతమంది ఉన్నారన్నదే అసలు లెక్క.

ఇంకో రెండు మాటలు గట్టిగా చెప్తా. డబ్బు అడిగితే లేచి వచ్చెయ్. రిజిస్ట్రేషన్ అని, యూనిఫాం అని, తర్వాత వాపస్ ఇచ్చే డిపాజిట్ అని ఏ పేరుతో అడిగినా సరే, ఈ స్కీముల్లో అభ్యర్థి దగ్గర రూపాయి తీసుకోకూడదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరికీ ఇవ్వొద్దు. చూపించు, జిరాక్స్ ఇవ్వు, ఒరిజినల్స్ నీ దగ్గరే ఉండాలి. మధ్యలో మానేస్తారేమోనని మెమోలు దగ్గర పెట్టుకునే సెంటర్లు ఉన్నాయి, దానివల్ల నోటిఫికేషన్ పడ్డప్పుడు, కాలేజీ అడ్మిషన్ వచ్చినప్పుడు పిల్లలు ఏడ్చిన సందర్భాలు చాలా ఉన్నాయి.

ఇప్పుడు మొదటి మూడు నెలల సంగతి. దీని గురించి ఎవరూ చెప్పరు కాబట్టి కాస్త ఎక్కువ రాస్తా.

జీతం పద్నాలుగు వేలు అని చెప్తారనుకో. మొదట అడగాల్సింది అది సీటీసీనా (కంపెనీ నీ మీద పెట్టే మొత్తం ఖర్చు), గ్రాసా (కోతలకి ముందు జీతం), చేతికి వచ్చేదా. గ్రాస్ 14,000, అందులో బేసిక్ 12,000 అనుకుంటే పీఎఫ్ 12 శాతం అంటే 1,440 పోతుంది, ఈఎస్ఐ 0.75 శాతం అంటే 105 పోతుంది, చేతికి 12,455 వస్తుంది. అదే సీటీసీ 14,000 అయితే కంపెనీ తన వైపు నుంచి కట్టే పీఎఫ్, ఈఎస్ఐ కూడా అందులోనే కలిపి చెప్తారు కాబట్టి ఇంకా తగ్గుతుంది. పీఎఫ్ కోత చూసి బాధపడొద్దు, అది నీ డబ్బే, ఈఎస్ఐ ఉంటే ఇంట్లో అమ్మానాన్నకి కూడా రూల్స్ ప్రకారం వైద్యం దొరుకుతుంది. కానీ చేతికి ఎంతో తెలియకుండా రూమ్ అద్దె లెక్క వేసుకోలేవు కదా.

దాన్ని మించిన సమస్య, మొదటి జీతం ఎప్పుడు వస్తుందన్నది. నెల మొదట్లో చేరితే ఆ నెల జీతం వచ్చే నెల మొదటి వారంలోనో, పదో తారీఖుకో పడుతుంది. బ్యాంక్ అకౌంట్ తెరవడం ఆలస్యమైతే ఇంకా వెనక్కి. అంటే దాదాపు నలభై రోజులు సొంత డబ్బుతో బతకాలి, హాస్టల్ అడ్వాన్స్, బస్ పాస్, తిండి. ఖమ్మం వైపు నుంచి వచ్చిన ఒక అబ్బాయి చాలా చురుకైనవాడు, రిటైల్ కోర్సు చేశాడు, హైదరాబాద్‌లో పెద్ద బట్టల షోరూంలో పెట్టాం. కస్టమర్లతో బాగా మాట్లాడేవాడు, అక్కడి మేనేజర్ కూడా మెచ్చుకున్నాడు. మూడో వారంలో వెళ్లిపోయాడు. ఫోన్ చేస్తే చివరికి తేలిందేంటంటే హాస్టల్ వాళ్లకి కట్టడానికి నాలుగు వేలు లేవు, ఇంట్లో అడగడానికి మొహం చెల్లలేదు. పనిరాక కాదు, ఆ నాలుగు వేలు లేక ఉద్యోగం పోయింది. అందుకని ఊరు వదిలే ముందే ఎనిమిది పది వేలు చేతిలో పెట్టుకోండి, అప్పు చేసైనా సరే. నేను ప్రతి బ్యాచ్‌కి, వాళ్ల తల్లిదండ్రులకి ఇదే చెప్పేవాణ్ణి.

డీడీయూలో దీనికోసమే పోస్ట్ ప్లేస్‌మెంట్ సపోర్ట్ అని ఉంది. నెలకి వెయ్యి రూపాయలు, సొంత జిల్లాలో ఉద్యోగమైతే రెండు నెలలు, రాష్ట్రంలోనే వేరే జిల్లాలో అయితే మూడు నెలలు, వేరే రాష్ట్రమైతే ఆరు నెలలు. అది నీ బ్యాంకు ఖాతాకి రావాలి. తక్కువే, పైగా ఆలస్యంగా పడుతుంది, అయినా అడిగి తీసుకో, చాలామందికి ఇలాంటిదొకటి ఉందని కూడా తెలియదు.

ఒంటరిగా వెళ్లకండి అనేది నేను చూసిందాంట్లో ఇంకో పెద్ద విషయం. ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చిన కొంతమంది అమ్మాయిలు ఏపీలో ఫ్యాక్టరీలుండే శ్రీసిటీ వైపు ఒకే కంపెనీలో చేరి ఒకే రూంలో ఉన్నారు, ఒకరికి జ్వరమొస్తే ఇంకొకరు చూసుకున్నారు, పండక్కి కలిసి వచ్చి కలిసి వెళ్లారు, ఏడాది దాటినా అక్కడే ఉన్నారు. అదే టైంలో వాళ్లకంటే ఎక్కువ జీతానికి ఒక్కత్తే వేరే చోట చేరిన అమ్మాయి నెల తిరక్కుండా వచ్చేసింది. జీతం రెండు వేలు తక్కువైనా తెలిసినవాళ్లు ఉన్న చోటే మొదటి ఉద్యోగం మంచిదని నా గట్టి నమ్మకం.

సరే, ఇప్పుడు నీ సంగతి, బీకాం వాళ్లకి.

డిగ్రీ ఉన్నవాడు మూడు నెలల డేటా ఎంట్రీ కోర్సులో చేరితే బయటికి వచ్చేసరికి టెన్త్ పాసైనవాడితో సమానమైన ఉద్యోగమే చూపిస్తారు, ఎందుకంటే ఆ కంపెనీలకి కావాల్సింది ఆ స్థాయే. నీ డిగ్రీకి విలువ ఇచ్చేది అప్రెంటిస్‌షిప్. 1961 అప్రెంటిసెస్ చట్టం ప్రకారం 30 మంది, అంతకంటే ఎక్కువ పనివాళ్లున్న సంస్థలు తమ సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లని తీసుకోవాల్సిందే. అంటే వాళ్లు మనకి చేసే సాయం కాదు, చట్టం పెట్టిన బాధ్యత.

ఇందులో రెండు దారులున్నాయి. ఒకటి నాట్స్, డిగ్రీ, డిప్లొమా వాళ్లకి, మన వైపు చెన్నైలో ఉన్న అప్రెంటిస్‌షిప్ ట్రైనింగ్ బోర్డు చూస్తుంది. ఇంజనీరింగ్ వాళ్లకే అనుకుంటారు, కాదు, బీఏ, బీకాం, బీఎస్సీ వాళ్లనీ తీసుకుంటారు. ఏడాది పాటు. రెండోది నాప్స్, 2016లో వచ్చింది, ఐటీఐ వాళ్లతో పాటు టెన్త్, ఇంటర్ వాళ్లకి కూడా. 2019 రూల్స్ ప్రకారం కనీస స్టైపెండ్ నెలకి 5,000 నుంచి 9,000 దాకా, డిగ్రీ వాళ్లకి 9,000, డిప్లొమాకి 8,000, ఐటీఐకి 7,000. దీన్ని 36 శాతం పెంచాలని 2025లో సెంట్రల్ అప్రెంటిస్‌షిప్ కౌన్సిల్ సిఫార్సు చేసింది, కాబట్టి చేరేటప్పుడు అప్పటికి అమల్లో ఉన్న రేటు ఎంతో పోర్టల్లో చూసుకో. ఇది కనీసం మాత్రమే, మంచి కంపెనీలు ఇంతకంటే ఎక్కువే ఇస్తాయి. నాట్స్‌లో కనీస స్టైపెండ్‌లో సగం కేంద్రం భరిస్తుంది, నాప్స్‌లో 25 శాతం, 1,500 మించకుండా.

తొమ్మిది వేలకి ఏడాది పనా అని నువ్వు అనుకోవచ్చు. నేను ఇలా చూస్తా, నీ వయసు వాడికి రెజ్యూమెలో "ఏడాది పాటు ఫలానా సంస్థ అకౌంట్స్ సెక్షన్‌లో పనిచేశా" అన్న ఒక్క లైను ఏ మూడు నెలల సర్టిఫికెట్ కంటే ఎక్కువ పనిచేస్తుంది. ఇంటర్వ్యూలో జీఎస్టీ రిటర్న్ గురించి అడిగితే పుస్తకంలో చదివింది కాకుండా చేసింది చెప్తావ్. పైగా గ్రూప్స్ చదవాలని ఉంది కదా, అప్రెంటిస్‌షిప్‌లో పని గంటలు సాధారణంగా ఆఫీస్ టైమే, సాయంత్రం చదువుకోవచ్చు. షోరూంలో పన్నెండు గంటలు నిలబడి వచ్చి పాలిటీ పుస్తకం తెరవడం అయ్యే పని కాదు, ప్రయత్నించినవాళ్లని చూశా.

కానీ తెలుసుకోవాల్సినవి ఉన్నాయి. అప్రెంటిస్‌షిప్ అయిపోతే అక్కడే ఉద్యోగం ఇవ్వాలని చట్టంలో లేదు. కొన్ని కంపెనీలు ఉంచుకుంటాయి, కొన్ని పంపేస్తాయి, చేరే ముందే పోయిన ఏడాది వాళ్లని ఉంచుకున్నారా అని అడుగు. కాంట్రాక్ట్ పోర్టల్లో రిజిస్టర్ అయ్యిందా లేదా నీ లాగిన్‌లో నువ్వే చూసుకో, కొంతమంది అప్రెంటిస్ అని పేరు పెట్టి కాంట్రాక్ట్ లేకుండా మామూలు పని చేయించుకుంటారు, ఏడాది అయ్యాక సర్టిఫికెట్ రాదు. ఈ చట్టం కింద అప్రెంటిస్‌కి పీఎఫ్ కట్టరు, అది మామూలే, మోసం కాదు.

ఇంట్లో లేదా స్నేహితుల్లో ఐటీఐ చేసినవాళ్లుంటే వాళ్లకి ఇంకా మంచి దారి ఉంది, రైల్వేలో యాక్ట్ అప్రెంటిస్, అంటే ఈ అప్రెంటిసెస్ చట్టం కిందే తీసుకునేది. సౌత్ సెంట్రల్ రైల్వే వేల సంఖ్యలో తీసుకుంటుంది, రాత పరీక్ష ఉండదు, టెన్త్ మార్కులు, ఐటీఐ మార్కులు కలిపి మెరిట్. అది పూర్తిచేసినవాళ్లకి రైల్వే లెవెల్-1 (మొదటి మెట్టు) ఉద్యోగాల నియామకాల్లో 20 శాతం పోస్టులు కేటాయిస్తారు. బీహెచ్ఈఎల్, సింగరేణి, ఈసీఐఎల్, అటు విశాఖలో నేవల్ డాక్‌యార్డ్ ఇవన్నీ కూడా అప్రెంటిస్‌లని తీసుకునేవే. ఐటీఐ చదివి ఊళ్లో ఖాళీగా ఉన్నవాడు డీడీయూలో ఏదో కోర్సుకి వెళ్తానంటే నేనే వద్దని చెప్పి ఇటు పంపేవాణ్ణి.

పీఎం ఇంటర్న్‌షిప్ గురించి కూడా కామెంట్లలో ఒకరు అడిగారు. 2024 అక్టోబర్‌లో పైలట్‌గా మొదలైంది, పెద్ద కంపెనీల్లో ఏడాది, నెలకి 5,000, చేరేటప్పుడు ఒకసారి 6,000. మొదలైనప్పుడు వయసు 21-24 పెట్టారు. మొదటి విడతలో లక్షా ఇరవై వేలకి పైగా అవకాశాలు పెడితే నిజంగా వెళ్లి చేరింది తొమ్మిది వేల లోపే. కంపెనీ పేరు చూసి అప్లై చేశారు, తీరా చూస్తే ఊరికి దూరం, ఐదు వేలతో అక్కడ ఉండలేరు. ఇంటి నుంచి వెళ్లి రాగలిగే దూరంలో దొరికితే మాత్రం మంచిదే. లేకపోతే నాట్స్ ముందు, ఇది తర్వాత.

చెల్లి సంగతికి వస్తా. ఇంటర్ అయ్యింది అన్నావ్ కానీ ఏ గ్రూపో చెప్పలేదు. డీడీయూలో అమ్మాయిలని ఎక్కువగా జనరల్ డ్యూటీ అసిస్టెంట్ అనే కోర్సులో చేర్పిస్తారు, హాస్పిటల్ పని. ఇది నర్సింగ్ కాదు. రోగిని పక్క మీద తిప్పడం, స్నానం, తిండి, బట్టలు, వీల్‌చైర్ ఇవన్నీ చేసే సహాయకురాలి పని. చాలా గౌరవమైన పని, పెద్ద హాస్పిటళ్లలో డిమాండ్ ఉంది, కానీ నర్స్ అవుతానని అనుకుని చేరి వార్డులో మొదటి రోజే మనసు విరిగి వచ్చేసిన అమ్మాయిలు చాలామంది. చెల్లికి నిజంగా నర్సింగ్ మీద ఇష్టముంటే, ఇంట్లో మూడేళ్లు ఆగగలిగితే, జీఎన్ఎం చదివించండి, అందులో నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉంటుంది, దాని జీవితమే వేరు. ఇంట్లో ఇప్పుడే డబ్బు కావాల్సిన పరిస్థితి ఉంటే ఈ కోర్సు మంచిదే, ఏం పనో తెలిసి వెళ్తే నిలబడుతుంది.

డీడీయూ కోర్సుల్లో అమ్మాయిలకి నేను చూసిన అసలైన లాభం ఇంకోటుంది. ఆ స్కీమ్‌లో ఏ కోర్సైనా ఇంగ్లీష్, కంప్యూటర్, సాఫ్ట్ స్కిల్స్ కలిపి కనీసం 160 గంటలు పెట్టాలి. సరిగ్గా నడిపే సెంటర్లో ఊరి బయటికి ఎప్పుడూ వెళ్లని పిల్ల మూడు నెలల తర్వాత తనే బ్యాంకుకి వెళ్లి ఫారం నింపి, తనే బస్సెక్కి సికింద్రాబాద్‌లో దిగుతుంది. కోర్సు పేరు ఏదైనా అది మాత్రం మిగులుతుంది. అందుకే మంచి సెంటర్ దొరికితే పంపించమనే నా సలహా.

మంచి సెంటరో కాదో చూడటానికి ఒక రోజు అమ్మానాన్నతో కలిసి చెప్పకుండా వెళ్లండి, మధ్యాహ్నం భోజనం టైంకి. అదే భోజనం తినండి. అమ్మాయిల హాస్టల్‌కి లేడీ వార్డెన్ రాత్రి కూడా ఉంటుందా, బాత్రూం గడియలు పనిచేస్తున్నాయా, కోర్సుకి కావాల్సిన మెషీన్లు నిజంగా ఉన్నాయా, వాటి మీద పిల్లలు పనిచేస్తున్నారా లేక కవర్లు కప్పి ఉన్నాయా చూడండి. తల్లిదండ్రులని లోపలికి రానివ్వని సెంటర్‌కి పంపొద్దు, అంతే, ఇంకో ఆలోచన లేదు.

ఊరు వదలలేని పరిస్థితి ఉంటే, అంటే పెళ్లయి పిల్లలున్నవాళ్లకో, ముసలి తల్లిదండ్రులని చూసుకోవాల్సినవాళ్లకో, ఆర్‌సెటి ఉంది. 1982లో కర్ణాటక ఉజిరెలో ధర్మస్థల ట్రస్టు, సిండికేట్ బ్యాంకు, కెనరా బ్యాంకు కలిసి పెట్టిన రుడ్‌సెట్ సంస్థని చూసి దేశమంతా జిల్లాకొకటి చొప్పున పెట్టారు, బ్యాంకులే నడుపుతాయి. పది రోజుల నుంచి నెలా నెలన్నర కోర్సులు, భోజనం, వసతి ఫ్రీ, అయ్యాక రెండేళ్ల పాటు వెంట ఉండి లోన్ ఇప్పించడం దాకా చూస్తారు. ఉద్యోగం కాదు, సొంత పని. పాడి, సెల్‌ఫోన్ రిపేర్, హౌస్ వైరింగ్, బ్యూటీ పార్లర్ ఇలాంటివి. నా ఉద్దేశంలో అన్ని స్కీముల్లో నిజాయితీగా నడిచేది ఇదే, ఎందుకంటే లోన్ ఇచ్చేది వాళ్ల బ్యాంకులే కాబట్టి నువ్వు నిలబడాలన్న అవసరం వాళ్లకీ ఉంటుంది. కాకపోతే ఊళ్లో గిరాకీ చూసి కోర్సు తీసుకోవాలి. అందరూ టైలరింగ్ తీసుకుంటారు, ఊళ్లో ఇప్పటికే పది మిషన్లు ఉంటే పదకొండో మనిషికి బ్లౌజులు ఎక్కడ్నుంచి వస్తాయి. అదే ఊళ్లో వైరింగ్ చేసేవాడు లేక పక్క మండలం నుంచి పిలుచుకుంటారు.

పోచంపల్లి దగ్గర స్వామి రామానంద తీర్థ గ్రామీణ సంస్థ, హైదరాబాద్‌లో బిల్డింగ్ పనులు నేర్పే న్యాక్ ఇవి కూడా హాస్టల్‌తో ట్రైనింగ్ ఇచ్చే పాత సంస్థలు, నీకు సూర్యాపేట నుంచి పోచంపల్లి దగ్గరే కాబట్టి ఒకసారి వెళ్లి కనుక్కో. చేతి పని మీద ఇష్టమున్న టెన్త్ పిల్లలెవరైనా మీ ఊళ్లో ఉంటే హైదరాబాద్ బాలానగర్‌లో ఉన్న సీఐటీడీ (సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్) గురించి చెప్పు, 1968 నుంచి ఉంది, టూల్ డిజైన్ నేర్చుకున్నవాడు ఖాళీగా ఉండటం నేను చూడలేదు. అది మూడు నెలల పని కాదు, డిప్లొమా నాలుగేళ్లు, ఫీజు కూడా ఉంటుంది.

ఇద్దరిలో ఎవరు మొదటిసారి ఉద్యోగంలో చేరినా ఇంకో డబ్బు ఉంది, పీఎం వికసిత్ భారత్ రోజ్‌గార్ యోజన. 2025 ఆగస్టు 1 నుంచి 2027 జులై 31 మధ్య మొదటిసారి పీఎఫ్‌లో చేరినవాళ్లకి, జీతం లక్ష లోపు ఉంటే, ఒక నెల జీతం అంత, 15,000 మించకుండా, రెండు విడతల్లో ఇస్తారు. మొదటిది ఆరు నెలలు పనిచేశాక, రెండోది పన్నెండు నెలలయ్యి ఫైనాన్షియల్ లిటరసీ కోర్సు పూర్తిచేశాక. చెల్లి సెంటర్ ద్వారా ఉద్యోగంలో చేరితే చేరిన వారంలోనే యూఏఎన్, అంటే తన పీఎఫ్ నెంబర్ అడిగి తీసుకోమను, పీఎఫ్ కట్టకుండా చేతికే మొత్తం ఇస్తామంటే ఒప్పుకోవద్దు, అటు పీఎఫ్ పోతుంది, ఇటు ఈ డబ్బూ పోతుంది. రెండు నెలలకోసారి ఉద్యోగం మారేవాళ్లకి కూడా ఇది దక్కదు.

ఇక రేపే చేయాల్సిన పని. నాట్స్ పోర్టల్, అప్రెంటిస్‌షిప్ ఇండియా పోర్టల్ రెండిట్లో రిజిస్టర్ చేసుకో, కానీ దానికంటే ముందు నీ ఆధార్, టెన్త్ మెమో, బ్యాంక్ పాస్‌బుక్ మూడూ పక్కపక్కన పెట్టి పేరు చూడు. మనవాళ్లకి ఇదే పెద్ద తలనొప్పి, మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది, బ్యాంకులో ఇంటిపేరు చివర ఉంటుంది, పుట్టిన తేదీ ఒకదాంట్లో వేరే. ఇవి కలవకపోతే కాంట్రాక్ట్ ఆగుతుంది, స్టైపెండ్ ఆగుతుంది, యూఏఎన్ రాదు. టెన్త్ మెమోలో ఉన్నదాని ప్రకారం ఆధార్ మార్పించుకో, మెమో మార్చడం చాలా కష్టం. తర్వాత బ్యాంకుకి వెళ్లి ఈ అకౌంట్‌కి ఆధార్ సీడింగ్ ఉందా అని అడుగు, లింక్ ఉంది అంటే సరిపోదు, సీడింగ్ అని స్పష్టంగా అడుగు, ప్రభుత్వ డబ్బు చివరిగా సీడింగ్ చేసిన అకౌంట్‌కే వెళ్తుంది. చెల్లివి కూడా ఇప్పుడే చూపించు. అవి సరయ్యాక ఆ కాగితం మీద ఉన్న సెంటర్ ఏ స్కీమ్‌దో, చెల్లిది ఇంటర్‌లో ఏ గ్రూపో ఇక్కడ రాయి, ఆ కోర్సుల్లో ఏది చూడాలో చెప్తా.